విద్యా స్వేచ్ఛ: ఢాకా విశ్వవిద్యాలయం అనుభవం

2020 సెప్టెంబరులో ఢాకా విశ్వవిద్యాలయం తన మార్కెటింగ్ శాఖలోని ఒక ఆచార్యుణ్ని ఉద్యోగం నుంచి తొలగించింది. అందుకు ఆధారంగా చూపినది 2018 మార్చిలో ఒక దినపత్రికలో ఆయన రాసిన వ్యాసం. మాజీ అధ్యక్షుడు జియావుర్ రహ్మాన్‌ను కీర్తిస్తూ సాగిన ఆ రచన విమోచన యుద్ధ చరిత్రను వక్రీకరించిందని, షేక్ ముజీబుర్ రహ్మాన్‌ను కించపరిచిందని నాటి అధికార అవామీ లీగ్ అనుకూలురు ఆరోపించారు. విశ్వవిద్యాలయ పాలనకు మూలమైన 1973 నాటి శాసనం ప్రకారం అధ్యాపకుణ్ని తొలగించడానికి రెండే కారణాలు చెల్లుతాయి: నైతిక పతనం, అసమర్థత. పత్రికకు వ్యాసం రాయడం ఈ రెంటిలో దేని కిందికీ తేలిగ్గా ఒదగదు. 2024లో ప్రభుత్వం పతనమైన తర్వాత ఆయన తిరిగి విధుల్లో చేరారు.

ఈ ఉదంతంలో గమనించవలసినది మరొకటి ఉంది. అదే శాసనంలోని 56వ అధికరణం, అధ్యాపకుడు ఏ రాజకీయ అభిప్రాయాన్నైనా కలిగి ఉండవచ్చని, విశ్వవిద్యాలయం వెలుపల చట్టబద్ధమైన ఏ సంస్థతోనైనా సంబంధం పెట్టుకోవచ్చని, ఉద్యోగ షరతులు ఆ స్వేచ్ఛకు భంగం కలిగించరాదని విస్పష్టంగా చెబుతోంది. దక్షిణాసియాలో ఇంత సూటిగా రాసిన రక్షణ అరుదు. ఆ వాక్యం ఎందుకు రాయవలసి వచ్చిందో, రాశాక ఏమైందో తెలియాలంటే ఆ విశ్వవిద్యాలయ చరిత్రలోకి వెళ్లాలి.

సంస్థ వేరు, ఆచార్యుడు వేరు

విద్యా స్వేచ్ఛ అన్న మాటను సాధారణంగా రెండు అర్థాల్లో వాడుతారు. మొదటిది సంస్థకు చెందినది. ఎవరిని నియమించాలో, ఏమి బోధించాలో, ఎవరిని చేర్చుకోవాలో ప్రభుత్వ జోక్యం లేకుండా విశ్వవిద్యాలయమే తేల్చుకోవడం. దీనికి స్వయంప్రతిపత్తి అని పేరు. రెండవది వ్యక్తికి చెందినది. 1997 నవంబరులో యునెస్కో సర్వసభ్య సదస్సు ఆమోదించిన సిఫారసు దీన్ని వివరంగా నిర్వచించింది. బోధనలో, చర్చలో స్వేచ్ఛ. పరిశోధించి ఫలితాలను ప్రచురించే స్వేచ్ఛ. తాము పనిచేసే సంస్థనే బాహాటంగా విమర్శించే స్వేచ్ఛ. సంస్థాగత నిషేధాల నుంచి రక్షణ. ఈ సిఫారసుకు సభ్యదేశాలను చట్టబద్ధంగా కట్టడి చేసే శక్తి లేదు.

ఈ రెండు స్వేచ్ఛలు ఒకదాన్నొకటి కాపాడుకోవాలన్నది ఆదర్శం. ఆచరణలో ఒకటి మరొకదాన్ని మింగివేయడం కూడా సాధ్యమే. ప్రభుత్వం నేరుగా చెయ్యి పెట్టకుండానే, స్వయంప్రతిపత్తి గల సంస్థ తన అధ్యాపకుణ్ని తానే శిక్షించవచ్చు. 2020లో ఢాకాలో జరిగినది అదే. తీర్మానం చేసింది మంత్రివర్గం కాదు, విశ్వవిద్యాలయ సిండికేట్.

భాషతో మొదలైన ఘర్షణ

1920 నాటి చట్టం ఆధారంగా ఢాకా విశ్వవిద్యాలయం 1921 జూలై 1న తలుపులు తెరిచింది. తొలి ఉపకులపతి ఫిలిప్ హార్టాగ్. భౌతిక శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఐన్‌స్టీన్‌కు పంపిన ప్రసిద్ధ పత్రాన్ని ఇక్కడ అధ్యాపకుడిగా ఉండగానే రాశారు. చరిత్రకారుడు రమేశ్ చంద్ర మజుందార్ 1937 నుంచి 1942 వరకు ఉపకులపతిగా పనిచేశారు. దేశ విభజనతో హిందూ అధ్యాపకులు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. మిగిలిన సంస్థ కొత్త రాజ్యంతో మొదటి ఏడాదిలోనే తగవు పడింది.

ఆ తగవు భాష గురించి. 1948 మార్చి 24న కర్జన్ హాల్‌లో జరిగిన స్నాతకోత్సవంలో మహమ్మద్ అలీ జిన్నా ఉర్దూ ఒక్కటే పాకిస్తాన్ రాజభాషగా ఉంటుందని ప్రకటించగా, విద్యార్థులు అక్కడికక్కడే అభ్యంతరం తెలిపారు. బెంగాలీకి రాజభాషా స్థానం ఉండాలని భాషావేత్త మహమ్మద్ షహీదుల్లా 1947లోనే పత్రికాముఖంగా వాదించారు. బెంగాలీని అరబ్బీ లిపిలో రాయించాలన్న కేంద్ర ప్రభుత్వ ప్రయత్నాన్నీ ఆయన వ్యతిరేకించారు. ఒక భాష ఏ లిపిలో ఉండాలన్నది పండితులు తర్కించుకునే విషయమని అనుకుంటారు. అక్కడ అది రాజద్రోహానికి దగ్గరైన మాటగా మారింది.

1952 ఫిబ్రవరి 21న 144వ సెక్షన్‌ను ధిక్కరించాలని విద్యార్థులు విశ్వవిద్యాలయ ఆవరణలోని మామిడిచెట్టు కింద సమావేశమై నిర్ణయించుకున్నారు. పోలీసు కాల్పుల్లో మరణించినవారిలో రాజనీతి శాస్త్ర విద్యార్థి అబుల్ బర్కత్ ఒకరు. కాల్పులను ఖండించిన అధ్యాపకులనూ ప్రభుత్వం వదలలేదు. అరెస్టయినవారిలో మునీర్ చౌదరి, ముజఫర్ అహ్మద్ చౌదరి ఉన్నారు.

మునీర్ చౌదరి జీవితాన్ని కాస్త వివరంగా చూడాలి. ఈ చరిత్ర అంతా ఆ ఒక్క జీవితంలో కనబడుతుంది. ఆయన అప్పటికి ఇంగ్లీషు అధ్యాపకుడు. ఢాకా కేంద్ర కారాగారంలోనే 1953లో ‘కబర్’ (సమాధి) అనే నాటకం రాశారు. భాషోద్యమ మృతులపై రాసిన ఆ నాటకాన్ని ఖైదీలు లాంతర్ల వెలుగులో ప్రదర్శించారు. జైలు నుంచే బెంగాలీలో ఎం.ఏ. పరీక్ష రాసి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. 1954లో విడుదలై బెంగాలీ శాఖలో చేరి, 1958లో హార్వర్డ్ నుంచి భాషాశాస్త్రంలో పట్టా తెచ్చుకున్నారు. 1965లో బెంగాలీ టైపు యంత్రానికి ఆయన రూపొందించిన అక్షరపేటిక ‘మునీర్ ఆప్టిమా’గా ప్రసిద్ధి చెందింది. ప్రభుత్వం ఆయనను జైల్లో పెట్టింది, పద్నాలుగేళ్ల తర్వాత 1966లో ‘సితారా-ఎ-ఇంతియాజ్’ బిరుదుతో సత్కరించింది. ఆ బిరుదును ఆయన 1971 మార్చిలో త్యజించారు.

నల్ల చట్టం

సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ హయాంలో 1961లో వచ్చిన ఆర్డినెన్స్ 1920 చట్టాన్ని తొలగించి విశ్వవిద్యాలయంపై ప్రభుత్వ పట్టును బిగించింది. ఎన్నికైన సభ్యుల పాత్ర తగ్గింది. గవర్నరే కులపతి, ఉపకులపతి నియామకం ఆయన చేతిలోనిది. అధ్యాపకులు రాజకీయాల్లో పాల్గొనడంపై ఆంక్షలు పడ్డాయి. ఢాకా విద్యావర్గాలు దీన్ని ‘కాలా కానూన్’ అన్నాయి. ఆ దశాబ్దం పొడవునా ఆచార్యుల మీద ఒత్తిడి రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఒకటి కాగితం మీద, మరొకటి కర్రతో. శాఖాధ్యక్ష పదవి వివాదంలో విశ్వవిద్యాలయ పాలకులపై హైకోర్టుకెక్కి గెలిచిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు అబూ మహమూద్‌ను 1966లో ప్రభుత్వ అనుకూల నేషనల్ స్టూడెంట్స్ ఫెడరేషన్ కార్యకర్తలు దారుణంగా కొట్టారు. అధికార పక్షపు విద్యార్థి విభాగాన్ని ఆవరణలో ఆయుధంగా వాడే పద్ధతి ఈ విధంగా స్థిరపడింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలన్నీ దాన్ని పుణికిపుచ్చుకున్నాయి.

1967 జూన్‌లో రవీంద్రనాథ్ టాగూర్ పాటలు పాకిస్తాన్ ఆదర్శాలకు విరుద్ధమైనవన్న పేరిట వాటి ప్రసారాన్ని ప్రభుత్వం అడ్డుకోబోగా మునీర్ చౌదరి సహా పలువురు ఆచార్యులు నిరసన ప్రకటన చేశారు. ప్రభుత్వాన్ని సమర్థిస్తూ సంతకాలు పెట్టిన అధ్యాపకులూ లేకపోలేదు. ఈ రెండో జాబితాను స్మారక సంచికలు సాధారణంగా ప్రస్తావించవు. విద్యావంతులంతా ఒకే గొంతుతో మాట్లాడారన్న కథనం వినడానికి బాగుంటుంది గానీ వాస్తవం కాదు.

1969 ఫిబ్రవరి 18న రాజ్‌షాహీ విశ్వవిద్యాలయ ద్వారం వద్ద సైనికులకు, విద్యార్థులకు నడుమ నిలిచిన రసాయన శాస్త్ర అధ్యాపకుడు, ప్రోక్టర్ శంసుజ్జోహా హతులయ్యారు. పాకిస్తాన్ కాలంలో విధినిర్వహణలో ఉండగా సైన్యం చేతిలో మరణించిన తొలి బెంగాలీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడిగా ఆయనను స్మరిస్తారు. అయూబ్ ఖాన్ మరుసటి నెలలో గద్దె దిగారు.

1971

మార్చి నాటికి తూర్పు పాకిస్తాన్ సహాయ నిరాకరణలో ఉంది. ఢాకా ఉపకులపతి, న్యాయమూర్తి అబూ సయీద్ చౌదరి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ సమావేశాలకు జెనీవాలో ఉన్నారు. తన విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు కాల్పుల్లో మరణించారని తెలుసుకుని మార్చి 15న అక్కడి నుంచే రాజీనామా పంపారు. విద్యార్థులపై కాల్పులు జరిగాక ఉపకులపతి పదవికి అర్థం లేదని ఆ లేఖ సారాంశం. తెలుగు పాఠకులకు ఇక్కడ కట్టమంచి రామలింగారెడ్డి గుర్తుకు రావచ్చు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని వదులుకున్నారు. రామలింగారెడ్డి 1936లో అదే పదవికి తిరిగి వచ్చారు. అబూ సయీద్ చౌదరి స్వతంత్ర బంగ్లాదేశ్‌కు 1972 జనవరిలో రాష్ట్రపతి అయ్యారు.

మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ‘ఆపరేషన్ సెర్చ్‌లైట్’ మొదలుపెట్టింది. మొదటి లక్ష్యాల్లో విశ్వవిద్యాలయం ఒకటి. హిందూ తదితర మైనారిటీ విద్యార్థులుండే జగన్నాథ్ హాల్, ఉద్యమకేంద్రంగా పేరున్న ఇక్బాల్ హాల్ నెత్తుటి మడుగులయ్యాయి. తత్వశాస్త్ర ఆచార్యుడు గోవింద చంద్ర దేవ్‌ను ఆయన నివాసంలోనే చంపారు. గణాంకశాస్త్ర ఆచార్యుడు మునీరుజ్జమాన్‌ను కుటుంబ సభ్యులతో సహా కాల్చారు. జగన్నాథ్ హాల్ ప్రొవోస్ట్, ఇంగ్లీషు అధ్యాపకుడు జ్యోతిర్మయ్ గుహఠాకుర్తా మెడలో తూటా దిగి నాలుగు రోజులు ప్రాణాలతో పోరాడి మార్చి 30న ఆసుపత్రిలో కన్నుమూశారు. తరతరాల విద్యార్థులకు టీ అరువిచ్చిన క్యాంటీన్ యజమాని మధుసూదన్ దే సైతం హతుల్లో ఉన్నారు. జగన్నాథ్ హాల్ మైదానంలో విద్యార్థులను వరుసలో నిలిపి కాల్చడాన్ని ఎదుటి భవనంలో నివసించే ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నూరుల్ ఉలా తన కిటికీ నుంచి చిత్రీకరించారు. ఆ దృశ్యాలు తర్వాత ప్రపంచానికి చేరాయి.

ఆ తర్వాతి తొమ్మిది నెలల గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. సైనిక ప్రభుత్వం విశ్వవిద్యాలయాన్ని మూసివేయలేదు. తరగతులు నడుస్తున్నట్టు ప్రపంచానికి చూపడం దానికి అవసరం. రాజ్‌షాహీ ఉపకులపతిగా ఉన్న సజ్జాద్ హుస్సేన్‌ను ఢాకాకు తెచ్చి నియమించారు. అధ్యాపకులు విధుల్లో చేరాలని ఆదేశాలు వచ్చాయి. కొందరు సరిహద్దు దాటి కలకత్తా చేరారు. కొందరు ఇళ్లు విడిచి పల్లెల్లో తలదాచుకున్నారు. మరికొందరు ఖాళీ తరగతి గదులకు వెళ్లి సంతకాలు చేసి వచ్చారు. ఉద్యోగానికి వెళ్లడాన్ని సహకారంగా, వెళ్లకపోవడాన్ని నేరంగా చూసే స్థితిలో స్వేచ్ఛ అన్న మాటకు మిగిలే అర్థం చాలా కొద్ది.

డిసెంబరు రెండోవారంలో ఓటమి ఖాయమైన వేళ సైన్యానికి అనుబంధంగా పనిచేసిన అల్-బద్ర్ దళాలు ఇళ్లకు వచ్చి ఆచార్యులను, పాత్రికేయులను, వైద్యులను కళ్లకు గంతలు కట్టి తీసుకుపోయాయి. బెంగాలీ శాఖ నుంచే మునీర్ చౌదరి, మొఫజ్జల్ హైదర్ చౌదరి, అన్వర్ పాషా. చరిత్ర శాఖ నుంచి సంతోష్ భట్టాచార్య, గియాసుద్దీన్ అహ్మద్, అబుల్ ఖైర్. ఇంగ్లీషు శాఖ నుంచి రషీదుల్ హసన్ మాయమయ్యారు. డిసెంబరు 16న సైన్యం లొంగిపోయాక రాయర్ బజార్ ఇటుక బట్టీల వద్ద, మీర్‌పూర్‌లో శవాలు దొరికాయి. మునీర్ చౌదరి దేహం ఆనవాలు దొరకలేదు. మేజర్ జనరల్ రావు ఫర్మాన్ అలీ గవర్నర్ కార్యాలయంలో వదిలివెళ్లిన డైరీలో మేధావుల పేర్ల జాబితా ఉన్నట్టు బయటపడింది. హత్యల్లో తన పాత్ర లేదని ఆయన చివరివరకూ చెప్పుకున్నారు.

డిసెంబరు 14 బంగ్లాదేశ్‌లో అమర మేధావుల దినం. పద్దెనిమిది మంది మేధావుల హత్యకు సంబంధించి ఢాకాలోని అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునల్ 2013 నవంబరు 3న ఇద్దరికి వారి పరోక్షంలో మరణశిక్ష విధించింది. ఆ పద్దెనిమిది మందిలో తొమ్మిది మంది ఢాకా విశ్వవిద్యాలయ అధ్యాపకులు. నిందితులు విదేశాల్లో ఉన్నారు. ట్రిబ్యునల్ విచారణ తీరుపై అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థలు తీవ్ర అభ్యంతరాలు లేవనెత్తాయి.

1973 శాసనం

స్వతంత్ర బంగ్లాదేశ్‌లో ఢాకా విశ్వవిద్యాలయానికి 1972 జనవరిలో ఉపకులపతిగా వచ్చినది ముజఫర్ అహ్మద్ చౌదరి. 1952లో మునీర్ చౌదరితో పాటు జైలుకు వెళ్లినవారు. మరుసటి ఏడాది రాష్ట్రపతి ఆదేశం నంబరు 11గా ‘ఢాకా విశ్వవిద్యాలయ ఆదేశం, 1973’ వెలువడింది. రాజ్‌షాహీ, చిట్టగాంగ్, జహంగీర్‌నగర్ విశ్వవిద్యాలయాలకూ అదే ఏడాది అదే తీరులో చట్టాలు చేశారు.

శాసన నిర్మాణం ఉదారమైనది. సెనేట్‌లో అధ్యాపకులు ఎన్నుకునే 35 మంది, పట్టభద్రులు ఎన్నుకునే 25 మంది, విద్యార్థి సంఘం పంపే ఐదుగురు ఉంటారు. సెనేట్ ముగ్గురి పేర్లతో ప్యానెల్ ఇస్తే కులపతి అందులో ఒకరిని నాలుగేళ్లకు ఉపకులపతిగా నియమిస్తారు. డీన్లను అధ్యాపకులే ఎన్నుకుంటారు. శాఖాధ్యక్ష పదవి వంతులవారీగా తిరుగుతుంది. విచారణ సంఘంలో తన ప్రతినిధి లేకుండా ఏ అధ్యాపకుణ్నీ తొలగించరాదు. అయూబ్ ఆర్డినెన్స్‌లో అణచివేతకు పనికివచ్చిన ప్రతి మీటనూ ఏరి తీసివేయాలన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది. నిన్నటి జైలుపక్షులు రాసుకున్న శాసనం అది.

అయినా ఒక మీట మిగిలిపోయింది. 11వ అధికరణం రెండో క్లాజు ప్రకారం సెలవు, అనారోగ్యం, రాజీనామా లేదా మరే కారణంగానైనా ఉపకులపతి స్థానం తాత్కాలికంగా ఖాళీ అయితే కులపతి తనకు తోచిన ఏర్పాటు చేయవచ్చు. ఇది ఆపద్ధర్మం. దీన్నే ప్రభుత్వాలు రాచబాటగా మార్చుకున్నాయి. ప్రభుత్వం మారితే ఉపకులపతి మారడం, కొత్తవారు ప్యానెల్ లేకుండా తాత్కాలికంగా రావడం ఆనవాయితీ అయింది. 2009 జనవరిలో నియమితులైన ఉపకులపతి 2013 ఆగస్టులో సెనేట్ ప్యానెల్ ఎన్నిక జరిగేవరకు నాలుగేళ్లకు పైగా ఆ విధంగానే కొనసాగారు. 2024 ఆగస్టులో వచ్చిన ఉపకులపతి నియామకానికీ సెనేట్ ప్యానెల్ ఆధారం కాదు.

రంగుల రాజకీయం

రాజకీయ అభిప్రాయం కలిగి ఉండే హక్కు కాలక్రమాన ఏదో ఒక పక్షాన ఉండక తప్పని పరిస్థితిగా మారింది. సెనేట్, సిండికేట్, డీన్, అధ్యాపక సంఘం ఎన్నికల్లో పోటీ రంగుల పేరిట సాగుతుంది. ‘నీల్ దళ్’ (నీలం) అవామీ లీగ్ అనుకూలులది. ‘సాదా దళ్’ (తెలుపు) బంగ్లాదేశ్ నేషనలిస్ట్ పార్టీ, జమాతే ఇస్లామీ అనుకూలులది. ‘గోలాపీ దళ్’ (గులాబీ) వామపక్షీయులది. నియామకాల్లో, పదోన్నతుల్లో, హాల్ ప్రొవోస్ట్ పదవుల్లో ఈ రంగులకు విలువ ఉంటుందన్నది అక్కడ అందరికీ తెలిసిన రహస్యం. బయటి నుంచి మంత్రి ఫోను చేయవలసిన అవసరం లేదు. ఎన్నికైన సభలే ఆ పని చేసిపెడతాయి.

విద్యార్థుల స్థితి ఇంతకంటె కఠినం. నివాస హాళ్లలో సీట్ల పంపిణీ ప్రొవోస్ట్ చేతిలో ఉండాలి. ఆచరణలో అధికార పక్ష విద్యార్థి విభాగం చేతిలో ఉండేది. మొదటి సంవత్సరం విద్యార్థులను ఒక్కో గదిలో పదుల సంఖ్యలో కుక్కే ‘గణరూమ్’లు, రాత్రివేళ సీనియర్లు పిలిచి నిలదీసే ‘గెస్ట్‌రూమ్’ సమావేశాలు ఢాకాకు వచ్చిన ప్రతి పల్లెటూరి విద్యార్థికీ అనుభవమే. ఊరేగింపుకు రాకపోతే పడక పోతుంది. పడక పోతే చదువు పోతుంది. విద్యా స్వేచ్ఛపై అంతర్జాతీయ పత్రాలు ఉపన్యాసాల గురించి, పరిశోధన గురించి మాట్లాడతాయి. ఢాకాలో అది చాలామందికి పడుకునే చాప దగ్గరే మొదలవుతుంది.

2019 అక్టోబరులో బంగ్లాదేశ్ ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంలో అబ్రార్ ఫహాద్ అనే రెండో సంవత్సరం విద్యార్థి, భారత్‌తో కుదిరిన ఒప్పందాలను విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు, అధికార పక్షపు ఛాత్ర లీగ్ కార్యకర్తల చేతుల్లో హాల్‌లోనే దెబ్బలు తిని మరణించాడు. ఈ కేసులో 2021 డిసెంబరులో 20 మందికి మరణశిక్ష, ఐదుగురికి యావజ్జీవం పడ్డాయి. 2025 మార్చిలో హైకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

ప్రభుత్వం, పార్టీలు చేసే ఒత్తిడికి తోడు మతోన్మాద సంస్థల కత్తులూ ఉన్నాయి. భాషాశాస్త్రంలో ఎడిన్‌బరో పట్టా పొందిన ఢాకా బెంగాలీ ఆచార్యుడు, రచయిత హుమాయూన్ ఆజాద్‌పై 2004 ఫిబ్రవరి 27న పుస్తక ప్రదర్శన నుంచి వస్తుండగా దాడి జరిగింది. తీవ్ర గాయాల నుంచి బయటపడినా అదే ఏడాది ఆగస్టులో మ్యూనిక్‌లో మరణించారు. 2022లో నలుగురికి మరణశిక్ష పడింది. 2015 ఫిబ్రవరిలో రచయిత అవిజిత్ రాయ్‌ను విశ్వవిద్యాలయ ఆవరణలోనే నరికి చంపారు. ఆయన తండ్రి అజయ్ రాయ్ అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసి, 1971 యుద్ధంలో పాల్గొన్నవారు. కుమారుడి హత్య కేసులో 2019 అక్టోబరులో సాక్ష్యం చెప్పి, తీర్పు వినకుండానే డిసెంబరులో కన్నుమూశారు. 2016 ఏప్రిల్ 23న రాజ్‌షాహీలో ఇంగ్లీషు ఆచార్యుడు రెజావుల్ కరీం సిద్దిఖీని ఆయన ఇంటికి సమీపంలోనే హత్య చేశారు.

ఇన్ని జరుగుతున్నా ఆవరణ మాట్లాడడం మానలేదు. 2007 ఆగస్టులో సైన్యం మద్దతుగల ఆపద్ధర్మ ప్రభుత్వ కాలంలో విశ్వవిద్యాలయ ఆటమైదానంలో సైనికులతో మొదలైన ఘర్షణ దేశమంతా పాకింది. ఢాకా, రాజ్‌షాహీ ఆచార్యులు అరెస్టయ్యారు. వారిలో నీలం వారూ ఉన్నారు, తెలుపు వారూ ఉన్నారు. 2018 నాటి డిజిటల్ భద్రతా చట్టం వచ్చాక అరెస్టుకు ఊరేగింపు కూడా అవసరం లేకపోయింది. 2020 జూన్‌లో మరణించిన ఒక మాజీ మంత్రిపై ఫేస్‌బుక్‌లో రాసిన మాటలకు రంగ్‌పూర్, రాజ్‌షాహీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు జైలుకు వెళ్లారు.

2024, ఆ తర్వాత

ప్రభుత్వోద్యోగాల్లో విమోచన యోధుల వారసులకున్న 30 శాతం కోటాపై 2024 జూలైలో లేచిన ఉద్యమానికి కేంద్రం ఢాకా విశ్వవిద్యాలయమే. జూలై 14న ప్రధాని షేక్ హసీనా, కోటా యోధుల మనవలకు కాకపోతే రజాకార్ల మనవలకు ఇవ్వాలా అన్న అర్థంలో చేసిన వ్యాఖ్య ఆ రాత్రే హాళ్లను రోడ్డుమీదికి తెచ్చింది. ‘రజాకార్’ అంటే మాటకు స్వచ్ఛంద సేవకుడు. 1947–48లో హైదరాబాద్ సంస్థానంలో కాశిం రజ్వీ దళాలకు ఆ పేరుండేది గనుక తెలంగాణలో ఆ మాట వినగానే కలిగే భావం వేరే చెప్పనక్కరలేదు. బంగ్లాదేశ్‌లో అది 1971 నాటి సైన్యపు స్థానిక సహాయకుల పేరు, అంతకంటె నీచమైన తిట్టు లేదు. విద్యార్థులు దాన్నే వ్యంగ్యంగా నినాదం చేసుకున్నారు.

మరునాడు ఛాత్ర లీగ్ దాడి, 16న రంగ్‌పూర్‌లోని బేగం రొకేయా విశ్వవిద్యాలయం ఎదుట చేతులు చాచి నిలబడిన విద్యార్థి అబూ సయీద్‌పై పోలీసు కాల్పులు, 17న ఢాకా హాళ్ల నుంచి విద్యార్థుల గెంటివేత వరుసగా జరిగాయి. నిర్బంధంలో ఉన్న విద్యార్థుల కోసం పోలీసు కార్యాలయాలకు వెళ్లి నిలబడిన కొద్దిమంది ఆచార్యులు ఎక్కువగా ఏ ప్రధాన పక్షపు రంగూ లేనివారు. ఆగస్టు 5న హసీనా దేశం విడిచారు. ఆ కొద్ది వారాల్లో 1,400 మంది వరకు మరణించి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరి నివేదికలో అంచనా వేసింది.

తర్వాతి వారాల్లో ఉపకులపతులు వరసగా రాజీనామా చేశారు. హాళ్లలో గణరూమ్‌లు ఎత్తివేశారు. మరోవైపు పాఠశాలల్లో, కళాశాలల్లో విద్యార్థులు గుంపుగా వచ్చి అధ్యాపకుల చేత బలవంతంగా రాజీనామా పత్రాలు రాయించిన ఘటనలు దేశమంతటా జరిగాయి. ఢాకాలో ఆర్థికశాస్త్రం బోధించి, అప్పుడు విద్యాశాఖ సలహాదారుగా ఉన్న వహీదుద్దీన్ మహమూద్ వాటిని ఆపాలని బహిరంగంగా విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. పాత పాలనను సమర్థించిన నీలం పక్షపు ఆచార్యుల తరగతులను విద్యార్థులు బహిష్కరించారు. హత్యలను సమర్థించినవారిపై చర్య వేరు, ఓడిన పక్షపు రంగు ధరించినందుకు శిక్ష వేరు. ఈ గీత ఎక్కడ గీయాలో తేల్చవలసిన విచారణ సంఘాలను కూడా ఏదో ఒక రంగు ఆధిక్యం గల సభలే వేస్తాయి.

ఢాకా విశ్వవిద్యాలయ కేంద్ర విద్యార్థి సంఘం ‘డాక్సు’కు 1990 తర్వాత 28 ఏళ్లపాటు ఎన్నికలే జరగలేదు. 2019లో ఒకసారి జరిగి, మళ్లీ 2025 సెప్టెంబరు 9న జరిగాయి. జమాతే ఇస్లామీ విద్యార్థి విభాగం ఇస్లామీ ఛాత్ర శిబిర్ మద్దతుతో నిలిచిన ప్యానెల్ ఉపాధ్యక్ష పదవి సహా అత్యధిక స్థానాలు గెలుచుకుంది. 1971 నాటి అల్-బద్ర్‌లో ప్రధానంగా ఉన్నది శిబిర్‌కు పూర్వరూపంగా భావించే ఇస్లామీ ఛాత్ర సంఘ సభ్యులేనని ట్రిబ్యునల్ తీర్పులు పేర్కొన్నాయి. తమ సంస్థ పుట్టింది 1977లోనని, ఆ నేరాలతో తమకు సంబంధం లేదని శిబిర్ అంటోంది. 1973 శాసనం సెనేట్‌లో విద్యార్థులకు కేటాయించిన ఐదు స్థానాలకు ప్రతినిధులను పంపవలసినది ఈ సంఘమే. ఉపకులపతి పదవికి ముగ్గురి ప్యానెల్‌ను ఎన్నుకోవలసినది ఆ సెనేటే.